ఆకుపచ్చో నీలమో తెలియని సిద్ధాంతం

రక్షణ దారులు: 9వ భాగం

1616, 1617 సంవత్సరాల్లో ది హేగ్ నగరంలో ఆదివారం పొద్దున ఒక వింత కనిపించేది. ఊళ్లో చర్చిల తలుపులు తెరిచే ఉన్నా, వందల మంది పిల్లాజెల్లాతో ఊరు దాటి రైస్వైక్ అనే పల్లె దారి పట్టేవారు. పల్లపు నేల, ఎడతెగని వాన, కాలవ గట్ల మీద నడక. ఆరాధన మొదలయ్యే వేళకు చెప్పులు, మేజోళ్లు, పావడాల అంచులు బురదలో ముద్దయ్యేవి. ఊళ్లో మిగిలినవాళ్లు వీళ్లకు 'బురద బిచ్చగాళ్లు' అని పేరు పెట్టి నవ్వుకున్నారు. నడిచేవాళ్లు నొచ్చుకోలేదు. యాభై ఏళ్ల కిందట స్పెయిన్ రాజు మీద తిరగబడిన వాళ్ల తాతతండ్రులను కూడా 'బిచ్చగాళ్లు' అనే తిట్టారు. వాళ్లు ఆ తిట్టునే బిరుదుగా తగిలించుకుని, పోరాడి, ఒక దేశాన్నే సంపాదించారు.

ఇంతకీ ఊళ్లోని చర్చి వీళ్లకెందుకు గిట్టలేదు? అక్కడ విగ్రహాల్లేవు, పోపు ఊసు లేదు. పాడేది అవే కీర్తనలు, చదివేది అదే బైబిలు. పాస్టరు ఉయ్‌టెన్‌బోగార్ట్ పేరున్న ప్రసంగీకుడు, రాకుమారుడు మౌరిట్స్‌కు ఆస్థాన బోధకుడు కూడా. ఆయన మీద అసలు ఫిర్యాదు ఒక్కటే. దేవుని కృపను మనిషి కాదనగలడని ఆయన నమ్ముతాడు. ఆ ఒక్క మాట దగ్గర మొదలైన తగాదాలో జనం బురద తొక్కారు, ఇళ్లు దోచారు, సుమారు 200 మంది పాస్టర్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, దేశాన్ని నిలబెట్టిన 71 ఏళ్ల వృద్ధుడి తల తెగింది.

ఈ ధారావాహికను మొదటి నుంచీ చదువుతున్నవారికి నేపథ్యం తెలుసు. మనిషి తన ప్రయత్నంతో పాపాన్ని జయించగలడన్న పెలాగియస్‌తో అగస్టీన్ అయిదో శతాబ్దంలో పెట్టుకున్న వాదం, 1517లో లూథర్ లేపిన దుమారం, జెనీవాలో కాల్విన్ కట్టిన కట్టుబాట్లు, అన్నీ చూశాం. 1600 నాటికి ప్రొటెస్టెంట్లలో కొన్ని సంగతుల మీద పేచీ లేదు. ఆదాము పతనంతో మనుషులందరూ పాపులయ్యారు. సొంత పుణ్యంతో ఎవరూ రక్షణ సంపాదించుకోలేరు. క్రీస్తు సిలువే ఆధారం. ఆ రక్షణ కృపచేత, విశ్వాసం ద్వారా దొరుకుతుంది. పేచీ ఆ తర్వాతి మెట్టు మీద వచ్చింది. ఒకే బల్ల మీద కూర్చుని ఒకే ప్రసంగం విన్న ఇద్దరిలో ఒకడు నమ్ముతాడు, రెండోవాడు పెదవి విరిచి ఇంటికి పోతాడు. తేడా ఎక్కణ్నుంచి వచ్చింది?

దేవుడు ఎన్నుకున్నాడు కాబట్టి మొదటివాడు నమ్మాడని ఒక జవాబు. వాడు నమ్ముతాడని దేవుడికి ముందే తెలుసు కాబట్టి ఎన్నుకున్నాడని రెండో జవాబు. వినడానికి మాట అటూ ఇటూ తిప్పినట్టే ఉంటుంది. కానీ మొదటి జవాబు పట్టుకుంటే, దేవుడు ఎన్నుకోనివాడి సంగతేమిటన్న ప్రశ్న వెంటనే వెంటపడుతుంది. రెండోది పట్టుకుంటే, చివరికి రక్షణ మనిషి తీసుకున్న నిర్ణయం మీద నిలిచినట్టే కదా, కృపకు ఇక మిగిలిన గొప్పేమిటి అని నిలదీస్తారు. ఎటు పోయినా ముల్లే.

మనవాళ్లకు ఈ చర్చ కొత్తదేమీ కాదు. శ్రీవైష్ణవంలో వడగలై, తెంగలై శాఖల మధ్య మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని వాదం నడిచింది. కోతిపిల్ల తల్లిని తానే కరచుకుని ఉంటుంది. పిల్లికూనను తల్లే నోట కరచుకుపోతుంది. అందుకని డచ్చి తగాదాలో ఒకరిని కోతి పక్షాన, ఇంకొకరిని పిల్లి పక్షాన సర్దేయాలనిపిస్తుంది. అది సగమే కుదురుతుంది. పడిపోయిన మనిషికి తల్లిని పట్టుకునే సత్తువ కూడా లేదని, ఆ సత్తువా కృప ఇచ్చేదేనని రెండో జవాబు చెప్పినవాళ్లు కూడా ఒప్పుకున్నారు. ఇక మొదటి జవాబులోని తల్లి కొన్ని కూనలను నోట కరచుకుని, కొన్నింటిని అక్కడే వదిలేస్తుంది. అదీ అవి పుట్టకముందే తేల్చుకుని. గొడవంతా ఆ వదిలేసిన కూనల గురించే.

రెండో జవాబుకు తన పేరు మిగిల్చినవాడు యాకోబస్ ఆర్మీనియస్. హాలండ్‌లోని ఔడెవాటర్ ఆయన సొంతూరు. 1575లో స్పానిష్ సేనలు ఆ ఊరిని పట్టుకుని ఊచకోత కోశాయి. జర్మనీలో చదువుకుంటున్న ఈ కుర్రాడికి ఇంటివాళ్లంతా పోయారన్న కబురు అందింది. తర్వాత లైడెన్‌లో, ఆపైన జెనీవాలో కాల్విన్ వారసుడు బేజా దగ్గర చదివి, 1588లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పాస్టరయ్యాడు. రోమా పత్రిక మీద వరసగా ప్రసంగాలు చేశాడు. ఏడో అధ్యాయానికి వచ్చేసరికి సాటి పాస్టర్లలో గుసగుసలు మొదలయ్యాయి. తొమ్మిదో అధ్యాయానికి అవి ఫిర్యాదులయ్యాయి.

1601లో ఆమ్‌స్టర్‌డామ్‌కు ప్లేగు వచ్చింది. ఆర్మీనియస్ రోగుల ఇళ్లకు వెళ్లి పలకరించేవాడు. చావు దగ్గరపడిన విశ్వాసులు నొప్పిని మరిచి, తమకు రక్షణ ఉందో లేదోనని కుమిలిపోవడం ఆ ఇళ్లలో చూశాడు. స్నేహితుడు ఉయ్‌టెన్‌బోగార్ట్‌కు రాసిన ఉత్తరంలో ఆ సంగతి చెప్పుకున్నాడు. ఎన్నిక సిద్ధాంతం పుట్టింది భయపడినవాడికి ధైర్యం చెప్పడానికి. నీ రక్షణ నీ చేతిలో లేదు, దేవుని చేతిలో ఉంది, కాబట్టి నిశ్చింతగా ఉండు అని దాని సారాంశం. అదే మాట ప్లేగు మంచం మీదున్నవాడి చెవిలో ఇంకోలా మోగింది. దేవుడు ఎన్నుకున్నవాళ్ల జాబితాలో నా పేరుందా? ఆర్మీనియస్ వ్యాఖ్యానాల కన్నా ఈ మంచాల పక్కన కూర్చున్న అనుభవమే ఆయనను ఎక్కువ కదిలించిందని నా అభిప్రాయం.

1603లో ఆయన లైడెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. అక్కడ అప్పటికే ఉన్న ఆచార్యుడు ఫ్రాన్సిస్కస్ గోమారస్. ఇతనిది దక్షిణాన బ్రూజ్ నగరం. మతం కోసం కుర్రతనంలోనే కుటుంబంతో పుట్టినూరు వదిలి జర్మనీకి వలసపోయినవాడు. అంటే ఇద్దరూ ఒకే దెబ్బ తిన్నవాళ్లు. ఒకడికి ఇంటివాళ్లు పోయారు, ఒకడికి ఊరు పోయింది. దక్షిణం నుంచి అలా అన్నీ వదులుకుని వచ్చిన వేల మంది కాందిశీకుల్లో చాలామంది గోమారస్ పక్షానే నిలిచారు. ఇల్లూ పొలమూ రాజుల చేతుల్లో పోగొట్టుకున్నవాడికి, తన రక్షణైనా మనిషి చేతికందని చోట భద్రంగా ఉందన్న మాట ఎంత ఊరటో ఊహించుకోవచ్చు. గోమారస్‌ను రాతిగుండె పండితుడిగా చూపించే పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటిని నమ్మను.

ఆయన వాదానికి బలముంది. పాపులందరూ శిక్షకే అర్హులైనప్పుడు, కొందరిని వదిలేయడం న్యాయం, కొందరిని ఎత్తుకోవడం దయ. అన్యాయం జరిగిందెవరికి? అయితే ఆయన అక్కడితో ఆగలేదు. దేవుడు మనుషులను పడిపోయిన పాపులుగా చూసి వాళ్లలోంచి కొందరిని ఎన్నుకున్నాడా, లేక సృష్టికి, పతనానికి కూడా ముందే ఫలానావాళ్లు నిత్యజీవానికి, ఫలానావాళ్లు నాశనానికి అని నిర్ణయించి, ఆ నిర్ణయం నెరవేరడానికే పతనానికి చోటిచ్చాడా? గోమారస్ రెండోదే అన్నాడు. అలాగైతే పాపానికి కర్త దేవుడే అవుతాడని ఆర్మీనియస్ పట్టుబట్టాడు. 1608లో ది హేగ్‌లో న్యాయమూర్తుల ముందు ఇద్దరూ వాదించుకున్నారు. తేడాలు రక్షణకు అడ్డొచ్చేంతవి కావని, సర్దుకుపొమ్మని న్యాయమూర్తులు చెప్పారు. ఆర్మీనియస్ అభిప్రాయాలతో దేవుని న్యాయపీఠం ముందు నిలబడే సాహసం తనకు లేదని గోమారస్ బదులిచ్చాడు. మరుసటి ఏడు అక్టోబరు 19న, చాలాకాలంగా జబ్బుతో తీసుకుంటున్న ఆర్మీనియస్ కన్నుమూశాడు.

మనిషి పోయాడు, పక్షం నిలిచింది. 1610లో నలభై మందికి పైగా పాస్టర్లు ఉయ్‌టెన్‌బోగార్ట్ పెద్దరికంలో అయిదు అంశాలతో ఒక విన్నపం తయారుచేసి హాలండ్ ప్రభుత్వానికి సమర్పించారు. నమ్మేవాళ్లను రక్షించాలన్నదే దేవుని నిర్ణయం. క్రీస్తు అందరి కోసమూ చనిపోయాడు, ఫలం మాత్రం నమ్మినవాళ్లకే. కృప లేకుండా మనిషి మంచి తలపు కూడా తలవలేడు. కానీ ఆ కృపను కాదనగలడు. అయిదోది, నమ్మినవాడు మళ్లీ తప్పిపోగలడా అన్నది. దీని మీద ఇంకా లేఖనాలు పరిశీలించాలని వాళ్లే రాసుకున్నారు. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకున్న మత పత్రాలు అరుదు, అందుకే ఈ అయిదో అంశం నాకు ముచ్చటేస్తుంది. ఆ విన్నపం పేరుతోనే వీళ్లు 'రెమాన్‌స్ట్రంట్లు' అయ్యారు. 1611లో అవతలి పక్షం ఎదురు విన్నపం ఇచ్చి 'కాంట్రా రెమాన్‌స్ట్రంట్లు' అయింది.

ఇక్కడ కథలోకి రాజకీయం దిగుతుంది. హాలండ్ ప్రభుత్వంలో పెద్ద తలకాయ యోహాన్ వాన్ ఓల్డెన్‌బార్నవెల్ట్. మనకు ఈయనతో దూరపు చుట్టరికం ఉంది. ఒకరితో ఒకరు పోటీపడి నష్టపోతున్న డచ్చి వర్తక సంఘాలను కూర్చోబెట్టి, 1602లో ఒకే తూర్పు ఇండియా కంపెనీగా కలపడంలో ఈయనదే ప్రధాన పాత్ర. ఆ కంపెనీ ఓడలే మచిలీపట్నం రేవుకు వచ్చాయి. 1606లో గోల్కొండ సుల్తానుతో ఒప్పందం కుదిరింది, నిజాంపట్నంలోనూ గిడ్డంగి లేచింది. బందరులో వలందపాలెం ఆ వలందావాళ్ల గుర్తే. కలంకారీ అద్దకాలు బేరమాడిన ఆ కంపెనీ మనుషుల స్వదేశంలో అప్పుడు నలిగేది ఈ తగాదాయే.

ఓల్డెన్‌బార్నవెల్ట్‌కు ఏ వేదాంతమూ ముదరకూడదు. చర్చి వివాదాల్లో ప్రభుత్వానిదే పైచేయిగా ఉండాలి, రెండు పక్షాలూ ఒకే చర్చిలో ఇమడాలి. అందుకని రెమాన్‌స్ట్రంట్లకు అండగా నిలిచాడు. 1609లో స్పెయిన్‌తో పన్నెండేళ్ల సంధి కుదిర్చిందీ ఆయనే. యుద్ధం ఆగడం సేనాని మౌరిట్స్‌కు నచ్చలేదు. స్పెయిన్‌తో రాజీ పడినవాడే పోపు వాసన కొట్టే బోధకూ కొమ్ముకాస్తున్నాడని వీధుల్లో మాట పుట్టింది. మౌరిట్స్ వేదాంతి కాడు. ముందస్తు నిర్ణయమనేది ఆకుపచ్చగా ఉంటుందో నీలంగా ఉంటుందో తనకు తెలియదని ఆయన అన్నట్టు చెప్పుకుంటారు. ఓల్డెన్‌బార్నవెల్ట్ వాయించే రాగం, తన రాగం ఇక కలవవని మాత్రం ఆయనకు బాగానే తెలుసు.

1617 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో అల్లరిమూక ఒక రెమాన్‌స్ట్రంట్ వర్తకుడి ఇల్లు దోచుకుంది. జూలైలో 'బురద బిచ్చగాళ్లు' ది హేగ్‌లోనే ఒక చర్చిని ఆక్రమించారు. రెండు వారాలకు మౌరిట్స్ తన పరివారంతో వెళ్లి ఆ చర్చిలోనే కూర్చున్నాడు. నోటితో ఒక్క మాట అనలేదు, దేశానికంతటికీ అర్థమైంది. ఆగస్టులో ఓల్డెన్‌బార్నవెల్ట్ తొందరపడ్డాడు. నగరాలు తమ రక్షణకు సొంతంగా కూలి సైనికులను పెట్టుకోవచ్చని తీర్మానం చేయించాడు. సర్వసేనాని ఉండగా ఇంకో సైన్యమా? 1618 జూలైలో మౌరిట్స్ ఉట్రెక్ట్‌లో ఆ సైనికుల చేత ఆయుధాలు కింద పెట్టించాడు. ఆగస్టు 29న ఓల్డెన్‌బార్నవెల్ట్‌ను, ఆయన పక్షాన నిలిచిన న్యాయవేత్త హ్యూగో గ్రోషియస్‌ను బంధించారు.

చర్చి మహాసభ ఈ అరెస్టుల తర్వాతే కూర్చుందని గుర్తుంచుకోవాలి. 1618 నవంబరు 13న డోర్‌డ్రెక్ట్ (పొట్టిగా డోర్ట్) నగరంలో, తుపాకీ దళం వాళ్ల హాలులో సభ మొదలైంది. ఇంగ్లండ్, జెనీవా, స్విస్ నగరాలు, జర్మన్ సంస్థానాల నుంచి ప్రతినిధులొచ్చారు. ఫ్రాన్స్ రాజు తన ప్రొటెస్టెంట్లను పంపనివ్వలేదు. వాళ్ల కోసం వేసిన బల్ల సభ ముగిసేదాకా ఖాళీగానే ఉంది. అధ్యక్షుడు బోగర్మన్, గుండెల మీద పరుచుకున్న గడ్డం మనిషి. నడిచిన భాష లాటిన్.

రెమాన్‌స్ట్రంట్లు హాజరయ్యేలోగా సభ వేరే పనులు చూసుకుంది. మూలభాషల నుంచి డచ్చిలోకి కొత్త బైబిలు అనువాదం కావాలని తీర్మానించింది. అది 1637లో అచ్చయింది. అప్పుడే తూర్పు ఇండియా దీవుల నుంచి ఒక ప్రశ్న వచ్చింది. డచ్చి ఇళ్లలో పెరిగే అన్యమతస్థుల పిల్లలకు, అంటే చాలామట్టుకు బానిసల పిల్లలకు, బాప్తిస్మం ఇవ్వవచ్చా? తల్లిదండ్రులు విశ్వాసులు కానప్పుడు ముందు బోధించాలని, పిల్లలు వయసొచ్చి తమ నోటితో ఒప్పుకున్నాకే బాప్తిస్మమని ఎక్కువమంది తేల్చారు. బాప్తిస్మం పొందిన బానిసను అమ్మవచ్చా అన్న మాట కూడా చర్చలోకి వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో ఇదే కంపెనీ పులికాట్ రేవు నుంచి బానిసలను ఓడలకెత్తి బటావియాకు తరలించింది. ఎన్నిక గురించి వెంట్రుకలు చీల్చిన పండితులు ఈ ప్రశ్న మీద గడిపింది నాలుగు రోజులే.

డిసెంబరు 6న పదముగ్గురు రెమాన్‌స్ట్రంట్లు వచ్చారు. వాళ్ల తరఫున మాట్లాడింది ఎపిస్కోపియస్, 35 ఏళ్ల ఆచార్యుడు. తమను సాటివాళ్లుగా కూర్చోబెట్టి చర్చించమన్నారు వీళ్లు. మీరు ప్రతివాదులు, అడిగినదానికి బదులివ్వండి అంది సభ. మా ప్రత్యర్థులే న్యాయమూర్తులైతే న్యాయమెక్కడిదని వీళ్లు. అయిదు వారాలు ఇదే పేచీ. 1619 జనవరి 14న బోగర్మన్ సహనం తెగిపోయింది. అబద్ధాలతో వచ్చారు, అబద్ధాలతోనే పోతున్నారు, పొండని లాటిన్‌లో అరిచి వాళ్లను బయటికి పంపేశాడు. ఆ కేక విదేశీ ప్రతినిధుల్లో కొందరికి కూడా మింగుడుపడలేదు. సభను చూడవచ్చిన జాన్ హేల్స్ అనే ఆంగ్లేయుడైతే, ఎపిస్కోపియస్ యోహాను 3:16ను గట్టిగా ముందుకు తెచ్చిన రోజే తాను కాల్విన్‌కు సెలవు చెప్పేశానని తర్వాత అన్నట్టు ఆయన స్నేహితుడు రాశాడు.

ప్రతివాదులు లేని సభలో తీర్పు ఏకగ్రీవమే. ఎన్నికకు మనిషిలో ఏ కారణమూ లేదు, చూడబోయే విశ్వాసం కూడా కారణం కాదు. పాపం మనిషిని పూర్తిగా చెరిచింది. క్రీస్తు మరణం ఫలించేది ఎన్నికైనవారి కోసమే. దేవుడు పిలిస్తే కృప గురి తప్పదు. అలా రక్షణ పొందినవాడు చివరిదాకా నిలుస్తాడు. అయితే తీర్మానాలు చదివితే వాటి గురించి చెప్పుకునేంత కరుకుగా ఉండవు. క్రీస్తు మరణం విలువ లోకమంతటి పాపాలకూ సరిపోయేదని స్పష్టంగా రాశారు. ఇంగ్లండ్ ప్రతినిధులు పట్టుబట్టిన చోట్లలో ఇదొకటి. గోమారస్ కోరినట్టు పతనానికి ముందటి ఎన్నికను కాక, పడిపోయినవాళ్లలోంచి ఎన్నికనే మాటల్లోకి తెచ్చారు. గెలిచిన సభలోనూ గోమారస్ పూర్తిగా గెలవలేదు. పసితనంలోనే పోయిన తమ పిల్లల రక్షణ గురించి భక్తిగల తల్లిదండ్రులు సందేహించనక్కర్లేదని ఒక అంశం ఉంది. ప్రతి ఇంట్లో ఒక చిన్న సమాధి ఉండే కాలంలో ఆ నాలుగు పంక్తులకు మిగతా పేజీలన్నిటికన్నా ఎక్కువ పని ఉండి ఉంటుంది.

మే 6న తీర్మానాలు పెద్ద చర్చిలో చదివారు, 9న విదేశీయులకు వీడ్కోలు చెప్పారు. 13న ది హేగ్‌లో ఓల్డెన్‌బార్నవెల్ట్ చేతికర్ర ఊతంతో, సేవకుడు యాన్ ఫ్రాంకెన్ తోడు రాగా, వధ్యవేదిక ఎక్కాడు. నేరం రాజద్రోహం. ముందురాత్రి ఆయనతో ప్రార్థనలో గడిపిన పాస్టరు వాలేయస్ డోర్ట్ సభ్యుల్లో ఒకడే. తాను ద్రోహిని కానని గుమిగూడిన జనానికి చెప్పి, త్వరగా కానిమ్మని తలారిని కోరాడు. అదే నెల 30న ఆయన నెలకొల్పిన కంపెనీ జావాలో జకార్తాను గెలుచుకుంది. అక్కడే బటావియా కట్టింది.

నోరు మూసుకుంటామని సంతకం పెట్టిన పాస్టర్లకు బతకడానికి ఎంతో కొంత ఇచ్చారు. పెట్టనివాళ్లను బండ్లెక్కించి సరిహద్దు దాటించారు.

గ్రోషియస్‌కు యావజ్జీవం పడింది, లూవెస్టైన్ కోటలో. చదువుకోవడానికి పుస్తకాలు తెప్పించుకోనిచ్చేవారు. పెద్ద పెట్టెలో గోరిన్కెమ్ నుంచి పుస్తకాలు, ఉతికిన బట్టలు వచ్చేవి, చదివినవి, మాసినవి పోయేవి. మొదట్లో పెట్టె తెరిచి చూసే కాపలావాళ్లు రానురాను చూడటం మానేశారు. అది గమనించింది ఆయన భార్య మరియా. కాళ్లు ముడుచుకుని, దగ్గకుండా, కదలకుండా పెట్టెలో పడుకోవడం భర్తకు అలవాటు చేయించింది. 1621 మార్చి 22న ఆయనను అందులో పెట్టి తాళం వేసింది. మోసే సైనికుడు, ఇంత బరువేమిటి, లోపల ఆర్మీనియన్ ఎవడైనా ఉన్నాడా అన్నాడట. ఆర్మీనియన్ పుస్తకాలే అందావిడ. పనమ్మాయి ఎల్స్యే పెట్టెతోపాటు పడవెక్కి, అవతలి ఊళ్లో స్నేహితుల ఇంటికి చేర్చింది. గ్రోషియస్ తాపీమేస్త్రీ వేషంలో దేశం దాటి, చివరికి పారిస్ చేరాడు. ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో ఒక పెట్టె, లూవెస్టైన్ కోటలో ఒక పెట్టె, రెండూ అదేనంటారు.

ఆయన కోటలో ఉండగా రాసిన వాటిలో ఒకటి డచ్చి పద్యాల్లో క్రైస్తవ మత సమర్థన. దూరదేశాలకు పోయే నావికులు అక్కడి ముస్లిములతో, అన్యమతస్థులతో మాట్లాడేటప్పుడు పనికిరావాలని ఆయన ఉద్దేశం. ఆ నావికులు దిగే రేవుల్లో బందరు ఒకటి. అంతకు ముందు 1617లో సిలువ మీద ఆయన ఒక గ్రంథం రాశాడు. పాపం అప్పు, క్రీస్తు దాన్ని తీర్చాడు అన్న వివరణ ఆ న్యాయవేత్తకు చాలలేదు. దేవుడు ఇక్కడ అప్పిచ్చినవాడిలా కాక పాలకుడిలా వ్యవహరించాడని, చట్టం గౌరవం నిలబెడుతూనే క్షమించే దారి సిలువ అని వాదించాడు. తర్వాతి కాలంలో మెథడిస్టు వేదాంతులు కొందరికి ఈ వాదన బాగా నచ్చింది.

ఇదే తగాదా అవే సంవత్సరాల్లో క్యాథలిక్కుల్లోనూ నడిచింది. జెసూట్లకు, డొమినికన్లకు మధ్య కృప, మనిషి ఇచ్ఛ గురించి రోములో ఏళ్ల తరబడి విచారణలు సాగాయి. 1607లో పోప్ అయిదో పాల్ వాటిని ముగించి, తీర్పు తగిన సమయంలో చెబుతామని, అప్పటిదాకా ఒకరినొకరు తప్పుబోధకులని అనకూడదని ఆజ్ఞాపించాడు. ఆ తగిన సమయం నాలుగు వందల ఏళ్లు దాటినా రాలేదు. తలలు కూడా తెగలేదు. సాగదీయడంలో ఉన్న తెలివి డోర్ట్‌లో ఎవరికీ తట్టలేదు.

1625లో మౌరిట్స్ పోయాక తమ్ముడు ఫ్రెడరిక్ హెన్రీ పట్టు సడలించాడు. రెమాన్‌స్ట్రంట్లు తిరిగొచ్చి 1630లో ఆమ్‌స్టర్‌డామ్‌లో చర్చి కట్టుకున్నారు. చిన్న సంఘంగా ఇప్పటికీ ఉన్నారు. ఆర్మీనియస్ మాట మాత్రం ఇంగ్లండ్‌లో ఊపందుకుంది. జాన్ వెస్లీ 1778లో మొదలుపెట్టిన పత్రికకు 'ఆర్మీనియన్ మ్యాగజైన్' అనే పేరు పెట్టాడు. ఆయనతో ఈ విషయం మీద ఘాటుగా పోట్లాడిన టాప్లడీ రాసిన 'రాక్ ఆఫ్ ఏజెస్', వెస్లీ తమ్ముడు చార్లెస్ రాసిన క్రిస్మస్ పాట, రెండూ ఒకే పాటల పుస్తకంలో ఉంటాయి, ఒకే నోరు రెండూ పాడుతుంది. బాప్టిస్టులు కూడా రెండుగా చీలారు. క్రీస్తు అందరి కోసం చనిపోయాడన్నవాళ్లు ఒకవైపు, ఎన్నికైనవారి కోసమే అన్నవాళ్లు ఇంకోవైపు. రెండోవైపు నుంచి వచ్చినవాడు విలియం కేరీ. దేవుడు ఎన్నుకున్నవాళ్లను ఎలాగూ రక్షిస్తాడు, సువార్త మోసుకుపోవడమెందుకని ఆ వర్గంలో ఒక మొండి ధోరణి ఉండేది. ఆండ్రూ ఫుల్లర్ దాన్ని ఖండిస్తూ 1785లో పుస్తకం రాశాడు. ఆ తలుపు తెరుచుకున్నాకే కేరీ ఇండియాకు ఓడెక్కాడు. ఆయన శ్రీరాంపూర్ అచ్చుకూటంలో తెలుగు కొత్త నిబంధన 1818లో వెలువడింది.

తెలుగు నేల మీద ఈ పక్షాలు విశ్వాసాన్ని బట్టి కాక జిల్లాలను బట్టి పంచుకున్నాయి. మిషన్లు ఒకరి పొలిమేరలోకి ఒకరు రాకూడదని ఒప్పందాలు చేసుకున్నాయి. గుంటూరు వైపు లూథరన్, నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు, కృష్ణా డెల్టా ఆంగ్లికన్, కడప లండన్ మిషన్. 'మీదే మిషను?' అని పెళ్లి సంబంధాల దగ్గర అడిగే ప్రశ్నకు జవాబు ముత్తాత ఏ ఊళ్లో పుట్టాడన్న దాన్ని బట్టి వస్తుంది తప్ప, ఎన్నిక గురించి ఆయన ఏమనుకున్నాడన్న దాన్ని బట్టి కాదు.

అయినా డోర్ట్ ఇక్కడికి నేరుగానే వచ్చింది. డచ్చి వలసదారులు 1628లో ఇప్పటి న్యూయార్క్‌లో నెలకొల్పిన సంఘం నుంచి పెరిగినదే అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి. దాని అధికారిక విశ్వాస పత్రాల్లో డోర్ట్ తీర్మానాలు ఇప్పటికీ ఒకటి. ఆ చర్చి నడిపిందే ఆర్కాట్ మిషన్. వెల్లూరు నుంచి చిత్తూరు, మదనపల్లె, పుంగనూరు దాకా దాని పరిధి. మదనపల్లెలో వైద్యం చేస్తూ తెలుగు బైబిలు సవరణకు పెద్దరికం వహించిన జేకబ్ చాంబర్లేన్ దాని మనిషే. ఇటు మెదక్‌లో కరవు రోజుల్లో కూలీలకు పని కల్పిస్తూ చార్లెస్ పోస్నెట్ కట్టించిన కెథడ్రల్ 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. అది వెస్లియన్ మెథడిస్టులది, అంటే ఆర్మీనియస్ వంశం.

1919 మేలో, డోర్ట్ సభ ముగిసి సరిగ్గా మూడు వందల ఏళ్లకు, తరంగంబాడిలో కొందరు పాస్టర్లు కూర్చుని దక్షిణాది సంఘాలు ఒకటి కావాలని పిలుపిచ్చారు. దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య వాళ్లలో ముఖ్యుడు. మాటలు 28 ఏళ్లు నడిచాయి. పీటముడి బిషప్పుల దగ్గర పడింది. బిషప్పు చేతులుంచి అభిషేకించని పాస్టరును ఆంగ్లికన్లు పాస్టరుగా ఒప్పుకోవాలా, కొత్తగా అభిషేకించాలా అని. చివరికి కుదిరిన ఒప్పందం బైబిలును, అపొస్తలుల, నీకయా విశ్వాస ప్రమాణాలను ఆధారంగా పెట్టుకుంది. డోర్ట్ తీర్మానాల ఊసు అందులో లేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. మదనపల్లె, మెదక్ ఒకే సంఘంలోకి వచ్చాయి. అజరయ్య అప్పటికి రెండేళ్ల కిందటే చనిపోయాడు. లూథరన్లు, బాప్టిస్టులు బయటే ఉండిపోయారు. బాప్టిస్టులకు అడ్డొచ్చిన వాటిలో పెద్దది పసిపిల్లల బాప్తిస్మం. దాని కథ జూరిక్‌లో 1525 జనవరిలో ఒక రాత్రి మొదలవుతుంది. వచ్చే భాగంలో అది.

(ఇంకా ఉంది)